రంగు పడకూడని చోట పడితే

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, రంగు సరిగ్గా పడిందని ఎట్లా తెలుస్తుంది?" అని. హోసూరులో ఏళ్ల తరబడి స్లైడ్ల మీద రంగులు వేసి, రిటైరై, ఇప్పుడు బాగలూరు రోడ్డులో మా తమ్ముడి ఇంటి మేడ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సూటి జవాబు లేదు. ఉందనుకున్న రోజులు ఉన్నాయి. అవి ఉద్యోగంలో చేరిన కొత్తలో.

నేను పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు స్లైడు మీద అంటించి, రంగు వేసి డాక్టరు గారి మైక్రోస్కోపు పక్కన పెట్టడం నా పని. ఎవరికి ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎవరి మీద చాడీలు చెప్పారు, ఇవేవీ ఇక్కడ రాయను. వాటి వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నాతో సహా. ఒక గొర్రెల కాపరి బొటనవేలి గురించి మాత్రం రాస్తాను. ఆ వేలు నన్ను గందరగోళంలో పడేసినట్టు ఇంకేదీ పడేయలేదు.

నీళ్లలా కనిపించే సీసా

కణం నడుమ కేంద్రకం ఉంటుందని, అందులో డీఎన్ఏ ఉంటుందని మీరు బడిలోనే చదివి ఉంటారు. ఆ డీఎన్ఏ ఉన్నచోట మాత్రమే పట్టే రంగు ఒకటుంది. ఫ్యూల్గన్ రంగు అంటాం. ముందు స్లైడును వెచ్చటి ఆసిడ్‌లో ఉంచాలి. ఆసిడ్ డీఎన్ఏను కొంచెం విప్పి పెడుతుంది. తర్వాత షిఫ్ అనే ద్రావణంలో, వెలుతురు తగలకుండా ఉంచాలి. విప్పిన డీఎన్ఏ తగిలితే అక్కడ ముదురు గులాబి రంగు పుడుతుంది. మిగతా చోట్ల ఏమీ ఉండదు.

షిఫ్ చూడటానికి అచ్చం మంచినీళ్లు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం టపాకాయ కాల్చిన వాసన. రంగు లేని నీళ్లు రంగు ఎట్లా ఇస్తాయో పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, పాసయ్యాను కూడా. అర్థమైందా అని అడిగితే మాత్రం నీళ్లు నమలాల్సిందే.

ఆ చుక్క చర్మం మీద పడితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. సాయంత్రానికి ఊదారంగు మరక తేలుతుంది. సబ్బుకు పోదు, కిరసనాయిలుకు పోదు. గ్లౌజు వేసుకుంటే స్లైడు అంచు చేతికి తెలియడం లేదని నేను కుడి బొటనవేలి దగ్గర గ్లౌజు కత్తిరించుకునేదాన్ని. అందుకని నా బొటనవేలు ఎప్పుడూ ఊదాగానే ఉండేది. పెళ్లిళ్లకు పోతే ఆ వేలు కొంగులో దాచుకునేదాన్ని. మీరు మాత్రం గ్లౌజు కత్తిరించకండి.

మా ల్యాబు పెద్ద డాక్టరు రంగనాథం గారు. ఆయనది పక్కనున్న కృష్ణగిరి. మహా కోపిష్టి. కానీ రంగు బాగా రాకపోతే ఆయన కోపం ముందు సీసా మీదికి పోయేది, ఆ తర్వాతే నా మీదికి వచ్చేది. అట్లాంటి బాస్ దొరకడం అదృష్టం. నాకు దొరికిన మిగతావాళ్లు వరస తిప్పి చేసేవారు. ఈ ఫ్యూల్గన్ రంగును చాలా ల్యాబులు ఎప్పుడో వదిలేశాయి. సార్ వదల్లేదు. గడ్డ క్యాన్సరా కాదా అని మామూలు రంగులో తేలకపోతే, కేంద్రకాల్లో డీఎన్ఏ ఎంత నిండుగా ఉందో చూడాలని ఇది వేయించేవారు. దీంతోనే తేలిపోతుందని కాదు, ఆయన మనసుకు ఒక తోడు అంతే.

ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి చెప్పాలి. రోగి స్లైడు ఒక్కటే రంగులో ముంచకూడదు. పక్కన టాన్సిల్ ముక్క స్లైడు ఒకటి ఉండాలి, ఎందుకంటే అది ఎట్లా రావాలో మాకు ముందే తెలుసు. ఆ రోగిదే ఇంకో స్లైడును ఆసిడ్ చూపించకుండా నేరుగా షిఫ్‌లో ముంచాలి. దాంట్లో గులాబి కనిపించిందంటే అది దొంగరంగు. ఇప్పుడు మిషన్లు వచ్చాక ఈ పక్క స్లైడ్లు దండగ అనుకునేవాళ్లను చూస్తున్నాను. నాకు ఒళ్లు మండుతుంది.

అత్తిముగం బొటనవేలు

ఒకరోజు పొద్దున ల్యాబు కిటికీ దగ్గరికి మొగుడూ పెళ్లాలు వచ్చారు. ఆయన పేరు మునెప్ప, ఆమె గంగమ్మ. ఊరు సూళగిరి దగ్గర అత్తిముగం. గొర్రెలు మేపుకుంటారు. మునెప్ప కుడి బొటనవేలికి కట్టు ఉంది. వేలి మీద లేచిన గడ్డ నుంచి కృష్ణగిరిలో సర్జన్ చిన్న ముక్క తీసి, సీసాలో వేసి, హోసూరుకు తీసుకుపొమ్మని వీళ్ల చేతికే ఇచ్చాడట. గంగమ్మ ఆ సీసాను బస్సులో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది.

నేను సీసా అందుకుంటుంటే మునెప్ప నా వేలు చూశాడు.

"నీకూ బొటనవేలేనా అమ్మా?" అన్నాడు.

"ఇది రోగం కాదప్పా. రంగు. పనిలో అంటుకునింది."

ఆయన తలూపాడు. నమ్మినట్టు లేదు. "నాకూ మొదట్లో ఇట్లనే ఎర్రగా ఉండె," అన్నాడు నెమ్మదిగా, నన్ను ఓదారుస్తున్నట్టు.

సార్ బయటికి వచ్చి అడిగారు. "దెబ్బేమన్నా తగిలిందా? ముల్లు గుచ్చుకునిందా? ఏమన్నా కుట్టిందా?"

"ఏమీ లేదు సామీ. సుమ్మనే, ఊరికే వచ్చింది."

"కాలిందా?"

"లేదు సామీ."

గంగమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "క్యాన్సర్ అయితే వేలు మొదలంటా తీసేస్తాం అన్నాడమ్మా ఆ డాక్టరు. వచ్చే సోమవారమే అంట. కుడిచేయి బొటనవేలు లేకుంటే ఈయన బొచ్చు కత్తెర ఎట్ల పడతాడు? గొర్రెపిల్లని ఎట్ల పట్టుకుంటాడు? రేషన్ అంగట్లో మిషన్ మీద పెట్టేది కూడా ఆ వేలే."

మునెప్ప నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మంగళవారం రమ్మని పంపించాను. వాళ్లు పోయాక గుర్తొచ్చింది, మంగళవారం అంటే ఆ సోమవారం దాటిపోయాక అని. పరుగెత్తి బయటికి పోయి, శనివారమే రమ్మని చెప్పాను.

కారిన రంగు

మామూలు రంగు వేసిన స్లైడు చూసి సార్ చాలాసేపు తల ఎత్తలేదు. చర్మం పైపొర మందంగా పెరిగి, వేళ్లలాగా లోపలికి దిగి ఉంది. క్యాన్సర్‌లో అట్లాగే దిగుతుంది. కణాలు ఉబ్బి ఉన్నాయి. కానీ క్యాన్సర్ కణాలు ఉండాల్సినంత అడ్డదిడ్డంగా లేవు. "అవునంటే అవును, కాదంటే కాదు," అన్నారు. ఫ్యూల్గన్ వేయమన్నారు.

వేశాను. సార్ చూసి, కుర్చీ వెనక్కి జరిపి, "సరోజా, రంగు కారింది," అన్నారు.

నేను కన్ను పెట్టి చూశాను. పైపొర కణాల్లో కేంద్రకాలు గులాబిగా ఉన్నాయి, బాగుంది. కానీ కేంద్రకం పక్కన, ఏమీ ఉండకూడని ఖాళీ చోట, లేత గులాబి మచ్చలు. ఒకచోట కాదు, కణం తర్వాత కణంలో. నేను నేర్చుకున్నదీ, చిన్నవాళ్లకు నేర్పిందీ ఒక్కటే: గులాబి కేంద్రకంలో పడితే ఒప్పు, బయట పడితే తప్పు.

షిఫ్ పాతదైందేమో అని కొత్త సీసా కలిపాను. మళ్లీ అదే. ఆసిడ్‌లో ఎక్కువసేపు ఉంటే డీఎన్ఏ కరిగి కేంద్రకం గడప దాటుతుంది, అదేమో అనుకుని టైము తగ్గించాను. కేంద్రకాల రంగు తగ్గింది, మచ్చలు మచ్చలుగానే ఉన్నాయి. కడిగే నీళ్లు మార్చాను. నీళ్ల తొట్టి అనుమానించాను. చివరికి నా కళ్లజోడును కూడా అనుమానించి తుడుచుకున్నాను.

అన్నిటికన్నా తికమక పెట్టింది పక్క స్లైడ్లు. టాన్సిల్ ప్రతిసారీ శుభ్రంగా వచ్చింది, రంగు కేంద్రకంలోనే, బయట ఏమీ లేదు. ఆసిడ్ చూపించని స్లైడు తెల్లగా, ఖాళీగా ఉంది, కాబట్టి దొంగరంగు కాదు. అంటే రంగు మంచిదే. రంగు మంచిదైతే పడకూడని చోట ఎందుకు పడింది? రంగు తప్పు కాకపోతే ఆ మనిషి వేలే తప్పా? నాకు బుర్ర పనిచేయలేదు. ఇంటికి పోయి సాంబారులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

సర్జన్ ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఆయన గొంతు నాకు కూడా వినిపించింది. "సార్, ఒక్క మాట చెప్పండి. అవునా, కాదా?"

"ఇప్పుడు చెప్పలేను," అన్నారు సార్.

"సోమవారం థియేటర్ రెడీగా ఉండాది."

"థియేటర్ ఉంటుంది. వేలు మళ్లా మొలవదు."

ఫోన్ పెట్టేసి ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డారు. చెప్పలేను అనడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. తెలియనిది తెలిసినట్టు రాసి పంపేస్తే ఆ రోజుకు అందరికీ హాయి. ఆయన అట్లా చేసే మనిషి కాదు. అదే సమయంలో నాకు లోపల ఇంకో భయం. నిజంగా క్యాన్సరే అయి, మా తటపటాయింపు వల్ల అది చేతికి పాకితే? వేలు మిగిల్చాలని చూస్తూ మనిషిని పోగొట్టుకుంటే? అటు చూస్తే అటు భయం, ఇటు చూస్తే ఇటు భయం.

పెరుగన్నం దగ్గర

శనివారం గంగమ్మ, మునెప్ప పొద్దున్నే వచ్చేశారు. మునెప్ప టీ తాగడానికి పోయాడు. గంగమ్మ వరండా బెంచీ మీద కూర్చుని తొందరపడుతోంది.

"బిన్నా చెప్పమని చెప్పమ్మా పెద్దాయనకు. ఇంటికాడ గొర్రెపిల్లలు ఆకలితో అరుస్తా ఉంటాయి. మూతిపుండ్లు వచ్చి పాలు కుడవలేకుండా ఉండాయి. పొక్కులు గీకి ఉప్పూ పసుపూ రుద్దల్ల. ఇన్నాళ్లూ ఈయనే రుద్దుతా ఉండె. ఇప్పుడు అంతా నా నెత్తి మీదనే పడింది."

నేను విన్నాను. నాకు ఏమీ తట్టలేదు. నా మనసంతా రంగు సీసా మీద ఉంది. అయ్యో పాపం అనుకుని లోపలికి పోయాను.

మధ్యాహ్నం సార్ పెరుగన్నం తింటున్నారు. ఏదో ఒకటి చెప్పి వాళ్లను పంపిద్దాం సార్ అన్నాను. గంగమ్మ గొర్రెపిల్లల కష్టం, ఉప్పూ పసుపూ, ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆమె మీద జాలితోనే చెప్పాను, ఇంకే ఉద్దేశమూ లేదు.

సార్ చేయి గిన్నెలో ఆగిపోయింది.

"యా వేలితో రుద్దుతాడు?"

నాకు అర్థం కాలేదు. ఆయన చేయి కడుక్కోకుండానే వరండాలోకి వచ్చారు.

"మునెప్పా, పిల్లలకు మూతిపుండ్లు ఉండాయంట. మందు యా వేలితో రుద్దుతావప్పా?"

మునెప్ప కట్టు ఉన్న వేలు ఎత్తి చూపించాడు. "దీంతోనే సామీ. నోట్లోకి దూర్చి రుద్దల్ల కదా. బొటనవేలికే బలం ఉండేది."

"మొన్న నేను అన్ని అడిగినానే. ఇది ఎందుకు చెప్పలేదు?"

"మీరు నా వేలు గురించి అడిగినారు సామీ," అన్నాడు మునెప్ప, నిజంగానే అయోమయంగా. "గొర్రెల గురించి అడగలేదే."

ఆయన తప్పేముంది? గొర్రె పుండు గొర్రెది, మనిషి పుండు మనిషిది. వాళ్ల తాతలూ అట్లాగే రుద్దారు. ఎప్పుడైనా చేతికి చిన్న పొక్కు లేస్తే అదే పోయేది. ఈసారి పెద్దదై భయపెట్టింది, కానీ దాన్నీ గొర్రె మూతినీ కలిపి ఆలోచించాలని ఆయనకు ఎందుకు తోస్తుంది? సార్‌కు గొర్రెల సంగతి అంతదాకా తెలియదు. నాకు రంగు తప్ప ఏమీ తెలియదు. ముగ్గురి దగ్గరా తలో ముక్కా ఉంది, ఎవరికి వారం మా ముక్క పట్టుకుని తికమకపడుతున్నాం.

సార్ తనకు తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. మాట్లాడి వచ్చి నాకు చెప్పారు. గొర్రెల మూతిపుండు ఒక వైరస్ వల్ల వస్తుందట, మనిషి చేతికీ అంటుతుందట. చూడటానికి క్యాన్సర్ మాదిరే ఉండి, చాలావరకు దానంతట అదే మానిపోతుందట. ఆ వైరస్ ఒంట్లో ఉన్నదీ డీఎన్ఏనే. మామూలుగా డీఎన్ఏ కేంద్రకంలో ఉంటుంది కదా, ఈ వైరస్ మాత్రం కేంద్రకం బయటే తన సంసారం పెట్టుకుంటుందట.

"నీ రంగు కారలేదు సరోజా," అన్నారు. "డీఎన్ఏ యాడ ఉందో ఆడే పడింది."

సంతోషించాల్సిన మాట. నేను మాత్రం మళ్లీ ఆ స్లైడు దగ్గరికే పోయాను. ఇన్నాళ్లూ ఒప్పు అనుకున్నది ఎప్పుడూ ఒప్పు కాదు, తప్పు అనుకున్నది ఎప్పుడూ తప్పు కాదు అంటే, రేపటి స్లైడును నేను దేన్ని పట్టుకుని చూడాలి?

పొక్కు తెమ్మంటే

అనుమానం అనుమానంగా ఉంటే చాలదని సార్ మునెప్పకు ఒక పని చెప్పారు. పిల్ల మూతి మీది పొక్కు ఒకటి గీకి, మేమిచ్చిన సీసాలో వేసి తెమ్మన్నారు. సీసా ఇచ్చి, మూత ఎట్లా బిగించాలో కూడా చూపించాను.

ఆదివారం ల్యాబుకు సెలవు. అయినా మేమిద్దరం వచ్చాం. మునెప్ప ఆటోలో దిగాడు, చంకలో గొర్రెపిల్లతో.

"పొక్కు తెమ్మంటే పిల్లనే తెచ్చినావేమప్పా?" అన్నాను.

"యా పొక్కు కావాలో మీరు చెప్పలేదు కదమ్మా. మీరే చూసి తీసుకోండి."

పశువుల డాక్టరు వచ్చి గ్లౌజులు వేసుకుని పొక్కు తీశాడు. పిల్ల ల్యాబు వరండా అంతా పాడు చేసింది. సార్ ఆ రోజు ఒక్కసారి కూడా కోప్పడలేదు. నేను పొక్కును తొందర తొందరగా మైనంలో బిగించి, కోసి, మునెప్ప స్లైడూ టాన్సిల్ స్లైడూ పక్కపక్కనే పెట్టి రంగులో ముంచాను. తొందరలో షిఫ్ సీసా ఒలికింది. కుడి బొటనవేలి మీద పెద్ద చుక్కే పడింది. తుడుచుకునే తీరిక లేదు.

గొర్రెపిల్ల పొక్కులో అవే మచ్చలు. కేంద్రకం పక్కన, లేత గులాబి. మునెప్ప స్లైడులో ఉన్నట్టే. టాన్సిల్ ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. సార్ చూశారు, నేను చూశాను, పశువుల డాక్టరు చూశాడు.

సార్ సర్జన్‌కు ఫోన్ చేసి, సోమవారం ఆపమన్నారు. సర్జన్ మొదట మెత్తబడలేదు. క్యాన్సర్ కాదని మీరు హామీ ఇస్తారా అన్నాడు. హామీ ఇవ్వలేను, ఆగమని మాత్రం చెబుతున్నాను, గడ్డ తగ్గకుండా పెరిగితే నేనే కత్తి పట్టమంటాను అన్నారు సార్. చివరికి సర్జన్ ఒప్పుకున్నాడు. తొందర మనిషే గానీ చెడ్డవాడు కాదు.

తర్వాతి వారాలను ఇప్పటికీ మరిచిపోవాలనిపిస్తుంది. వైరస్ ఉంది సరే, దాని కింద క్యాన్సర్ కూడా ఉంటే? రెండూ ఒకే వేలిలో ఉండకూడదని ఎక్కడ రాసి ఉంది? ఇది సార్‌ను అడిగితే, "ఉండొచ్చు," అని ఊరుకున్నారు. ఆ ఒక్క మాట నా నిద్ర పోగొట్టింది. మునెప్ప చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ముందు ఆయన మొహం కాదు, వేలు చూసేదాన్ని. గడ్డ ఎండింది. అంచులు లేచాయి. ఒకసారి వచ్చినప్పుడు పెచ్చు రాలిపోయి, కింద లేత చర్మం కనిపించింది. గంగమ్మ బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది. నేనూ లోపలికి పోయి ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు.

మందు రుద్దేటప్పుడు వేసుకొమ్మని సార్ గ్లౌజుల పెట్టె ఇచ్చి పంపించారు. గంగమ్మకూ మరీ మరీ చెప్పారు.

సూళగిరి బస్టాండులో

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. పక్క స్లైడ్లు మానకండి. రంగు పడకూడని చోట పడితే సీసాను అనుమానించండి, ఆసిడ్‌ను అనుమానించండి, మిమ్మల్ని మీరు అనుమానించుకోండి. అవన్నీ అయ్యాక కూడా రంగు అక్కడే ఉంటే, ఆ మనిషి ఏం పని చేస్తాడో అడగండి. అంతకు మించి నాకు తెలియదు. ఆ వేలి తర్వాత వేసిన ప్రతి స్లైడు ముందూ నేను తడబడ్డాను. అది మంచికో చెడుకో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

రిటైరయ్యాక ఒకసారి కృష్ణగిరిలో పెళ్లికి పోతూ సూళగిరిలో బస్సు మారాను. బస్టాండులో మునెప్ప కనిపించాడు, భుజాన కంబళితో. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. నేను అలవాటు కొద్దీ వేలు చూశాను. బాగుంది, కానీ గోరు పక్కన కొత్త పొక్కు ఒకటి ఎర్రగా లేస్తోంది.

"గ్లౌజులు వేసుకోలేదా మునెప్పా?"

"వేసుకున్నానమ్మా. ఆ రబ్బరు తగిలితే పిల్ల నోరు తెరవదు. నా చెయ్యని దానికి తెలీదు. బొటనవేలి కాడ కత్తిరించి చూసినాను, అప్పుడు తెరిచింది."

తిడదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఈలోపల ఆయన నా కుడిచేయి చూస్తున్నాడు. మరక ఎప్పుడో పోయింది. పెళ్లికి పోతున్నా ఈసారి కొంగులో దాచుకోలేదు.

"నీ వేలు పూరా బాగైపోయిందే అమ్మా," అన్నాడు. గొంతులో నిజమైన సంతోషం. "యా మందు వేసినావు?"

ఇన్నేళ్లూ అది రోగమనే అనుకున్నాడన్నమాట. కాదని మళ్లీ చెప్పబోయాను, కానీ ఎందుకో నాకే నమ్మకం కలగలేదు.

"మందేమీ లేదప్పా. పని వదిలేసినాను. అదే పోయింది."

మునెప్ప తన వేలు ఎత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అట్లయితే నాది పోదులే అమ్మా," అన్నాడు, కంబళి సర్దుకుంటూ. అంతలో అత్తిముగం బస్సు వచ్చింది.